మూడు యాక్సెస్ పాయింట్లున్న ఆఫీసులో వైఫైని ఎలా అమర్చాలి, ఎలా కాపాడుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ముప్పై మంది పనిచేసే ఆఫీసు, రెండు అంతస్తులు, పైకప్పుకు బిగించిన మూడు యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై సిగ్నల్ పంపే పెట్టెలు. మూడింటిలోనూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్. సిబ్బంది ల్యాప్‌టాప్‌లు, వచ్చిపోయేవారి ఫోన్లు, ప్రింటర్లు, కెమెరాలు, జమాఖర్చుల కంప్యూటర్ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. భద్రత కోసం పేరును దాచారు, అనుమతించిన మ్యాక్ చిరునామాల (ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్యల) జాబితా పెట్టారు. ఇది చాలునా, చాలకపోతే ఇంకేం చేయాలి, పై అంతస్తు చివరి గదుల్లో వేగం ఎందుకు పడిపోతోంది అని అడిగారు.

చాలదు. పేరు దాచడం, మ్యాక్ జాబితా పెట్టడం రెండూ శ్రమ ఎక్కువై ఫలితం దక్కని పనులు. ఆ శ్రమనే నెట్‌వర్క్‌ను విడదీయడం మీదా, మంచి కీ మీదా పెడితే మీ ఆఫీసు నిజంగా భద్రంగా ఉంటుంది. కారణాలు ముందు చెబుతాను. కారణం తెలియకుండా మార్చిన సెట్టింగులను ఆరు నెలల తర్వాత ఇంకెవరో వచ్చి మళ్లీ మొదటికి తెస్తారు. అలా జరగడం చాలాసార్లు చూశాను.

యాక్సెస్ పాయింట్ తన ఉనికిని సెకనుకు దాదాపు పదిసార్లు చాటుతుంది. ఆ చాటింపునే బీకన్ అంటారు. పేరు దాచమని చెప్పినప్పుడు బీకన్ ఆగదు, అందులో పేరు ఉండాల్సిన చోటు మాత్రమే ఖాళీ అవుతుంది. మీ సిబ్బందిలో ఒకరు ల్యాప్‌టాప్ తెరిచి కలిసిన ప్రతిసారీ ఆ పేరు ఏ మరుగూ లేకుండా గాలిలో వెళ్తుంది. కాచుకుని వినేవాడికి ఒక్క ఉదయం చాలు. దీనికి మించిన నష్టం ఇంకొకటి ఉంది. పేరు దాచిన నెట్‌వర్క్‌ను వెతకాలంటే ఫోనే నోరు తెరిచి అడగాలి. అంటే మీ సిబ్బంది ఎక్కడికి వెళ్లినా వాళ్ల ఫోన్లు మీ ఆఫీసు వైఫై పేరును పలుకుతూ తిరుగుతాయి. దాన్ని విన్నవాడు అదే పేరుతో ఒక నకిలీ యాక్సెస్ పాయింట్ పెట్టడం కష్టం కాదు.

మ్యాక్ జాబితా సంగతీ అంతే. గాలిలో వెళ్లే ఒక్కో సమాచార ముక్కను ఫ్రేము అంటారు. ఎన్‌క్రిప్షన్, అంటే సమాచారాన్ని రహస్య రూపంలోకి మార్చడం, ఫ్రేములోని సరుకును కప్పుతుంది, ఫ్రేము తలభాగాన్ని కప్పదు. పంపినవారి మ్యాక్ చిరునామా ఆ తలభాగంలో బాహాటంగా ఉంటుంది. దాన్ని చూసి తన పరికరానికి పెట్టుకోవడం నిమిషం పని. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత చిరునామా చూపడం మామూలైంది. చొరబడేవాడు ఆగడు, మీ మనిషే కొత్త ఫోను కొన్న రోజు బయట నిలబడతాడు. రెండింటినీ తీసేయండి.

ఇప్పుడు అసలు పని. ముందుగా యాక్సెస్ పాయింట్ల సొంత తాళం చూడండి. పెట్టెలోంచి తీసినప్పుడు ఉండే యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇంకా అలాగే ఉన్నాయా? 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ అరవైకి పైచిలుకు యూజర్ పేరు, పాస్‌వర్డ్ జతలను మాత్రమే పట్టుకుని, పరికరాన్ని దూరం నుంచి నడిపే టెల్నెట్ అనే పాత తలుపు తట్టి, లక్షల కెమెరాలనూ రూటర్లనూ వశం చేసుకుంది. ఆ జతలన్నీ కంపెనీలు మొదట పెట్టి పంపినవే. కాబట్టి మూడింటికీ కొత్త అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టండి. అది వైఫై పాస్‌వర్డ్ కాకూడదు. టెల్నెట్, ఎన్‌క్రిప్షన్ లేని హెచ్‌టీటీపీ ఆపి, వాటి బదులు ఎన్‌క్రిప్షన్ ఉన్న ఎస్‌ఎస్‌హెచ్, హెచ్‌టీటీపీఎస్ మాత్రమే ఉంచండి. పరికరాలను దూరం నుంచి గమనించే ఎస్‌ఎన్‌ఎమ్‌పీ వాడటం లేకపోతే దాన్నీ ఆపండి. పాస్‌వర్డ్ బదులు పిన్‌తో కలవనిచ్చే డబ్ల్యూపీఎస్ ఉంటే తప్పకుండా ఆపండి. దాని పిన్‌లో ఎనిమిది అంకెలున్నా చివరిది సరిచూసే అంకె మాత్రమే, మిగిలిన ఏడింటినీ రెండు ముక్కలుగా విడివిడిగా పరీక్షించే వీలుంది. మొదటి ముక్కకు 10,000, రెండోదానికి 1,000, మొత్తం 11,000 ప్రయత్నాల్లో పిన్ దొరికిపోతుందని 2011లో స్టెఫాన్ వీబోక్ చూపించాడు. వైఫై పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఈ దొడ్డిదారి తెరిచి ఉంటే ప్రయోజనం లేదు.

ఫర్మ్‌వేర్‌ను, అంటే యాక్సెస్ పాయింట్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను, ఇప్పుడే తాజా చేయండి. 2017లో మాథీ వాన్‌హోఫ్ బయటపెట్టిన క్రాక్ దాడి, వైఫై భద్రతా పద్ధతి అయిన డబ్ల్యూపీఏ2లో పరికరం కలిసేటప్పుడు జరిగే నాలుగు అడుగుల పలకరింపులోని లోపాన్ని వాడుకుంది. అదే పరిశోధకుడు 2021లో చెప్పిన ఫ్రాగ్ లోపాల్లో కొన్ని వైఫై ప్రమాణంలోనే ఎన్నో ఏళ్లుగా ఉన్నవి. రెండింటికీ పాస్‌వర్డ్ మార్చడం మందు కాదు, సవరించిన సాఫ్ట్‌వేరే మందు. అదీ యాక్సెస్ పాయింట్‌తో సరిపోదు, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు కూడా తాజాగా ఉండాలి. తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ ఇవ్వడం మానేసిన యాక్సెస్ పాయింట్ ఉంటే దాన్ని మార్చడానికి ఇప్పటినుంచే ఏర్పాటు చేసుకోండి.

ఈ దశలోనే సమయం కూడా సరిచేయండి. చాలా యాక్సెస్ పాయింట్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే తేదీ 1970 జనవరి 1కి వెళ్లిపోతుంది. సరైన సమయం అందించే ఎన్‌టీపీ సర్వర్ చిరునామా ఇవ్వకపోతే లాగ్‌లో (సంఘటనల చిట్టాలో) ఏ సంఘటన ఎప్పుడు జరిగిందో తెలియదు, సర్టిఫికెట్ల (డిజిటల్ గుర్తింపు పత్రాల) చెల్లుబాటు కూడా తప్పుతుంది. చిన్న విషయమే, కాని అవసరం పడ్డ రోజు దీని విలువ తెలుస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, విడదీయడం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న వైద్యశాల వాళ్లు తమ వైఫైని చూడమని పిలిచారు. రోగుల బంధువుల కోసం గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టామని నమ్మకంగా చెప్పారు. నిజమే, పేరు వేరు, పాస్‌వర్డ్ వేరు. నా ఫోనును గెస్ట్‌లో కలిపి వచ్చిన ఐపీ చిరునామా చూశాను: 192.168.1.57. రిసెప్షన్ కంప్యూటర్‌లో చూస్తే 192.168.1.20. రెండూ ఒకే వరుసలో ఉన్నాయి. ప్రింటర్ మీద అతికించిన చీటీలోని చిరునామాను ఫోను బ్రౌజర్‌లో కొట్టాను. ప్రింటర్ సెట్టింగుల పేజీ తెరుచుకుంది, అంతకుముందు స్కాన్ చేసిన కాగితాల జాబితాతో సహా. ఆ జాబితాలో మనుషుల పేర్లున్నాయి. పాస్‌వర్డ్ అడగలేదు. గేట్లు రెండు కట్టారు గాని రెండూ తెరుచుకునేది ఒకే పెరట్లోకి. ఆ రోజు నుంచి ఏ ఆఫీసుకు వెళ్లినా నేను మొదట చేసే పని గెస్ట్‌లో కలిసి నా చిరునామా చూసుకోవడమే. మీరూ ఇప్పుడే చూడండి.

నిజంగా విడదీయాలంటే ప్రతి వైఫై పేరుకూ వెనక ఒక వీల్యాన్, అంటే అవే తీగల మీద వేరుగా నడిచే నెట్‌వర్క్, ఉండాలి. మీ ఆఫీసుకు నేనైతే నాలుగు పెడతాను. వీల్యాన్ 10 యాక్సెస్ పాయింట్లు, స్విచ్‌ల (తీగలన్నిటినీ కలిపే పెట్టెల) నిర్వహణకు. దీనికి వైఫై పేరు ఏదీ ఉండదు, తీగ ద్వారా మాత్రమే అందుతుంది. వీల్యాన్ 20 సిబ్బందికి, 30 అతిథులకు, 40 ప్రింటర్లు, కెమెరాల వంటి వస్తువులకు. చిరునామాలు కూడా అదే అంకెతో పెట్టుకుంటే, అంటే సిబ్బందికి 192.168.20.0/24, అతిథులకు 192.168.30.0/24 అన్నట్టు, చూడగానే ఎవరిది ఎక్కడిదో తెలిసిపోతుంది. అంకెలు మీ ఇష్టం. 1 నుంచి 4094 దాకా ఏదైనా వాడవచ్చు, 1ని మాత్రం వదిలేయండి. స్విచ్‌లు మొదట అన్ని పోర్టులనూ అందులోనే పెట్టి వస్తాయి కాబట్టి ఎక్కడో మరిచిపోయిన పోర్టు ఒకటి లోపలికి దారి ఇస్తుంది.

యాక్సెస్ పాయింట్ కలిసే స్విచ్ పోర్టును ట్రంక్‌గా మార్చాలి. అంటే ఒకే తీగ మీద నాలుగు వీల్యాన్ల ఫ్రేములూ ఒక్కోదానికి ఒక్కో అంకె ట్యాగ్ తగిలించుకుని వెళ్తాయి. యాక్సెస్ పాయింట్‌లో అతిథుల పేరుకు 30 అని రాసి, స్విచ్‌లో ఆ పోర్టు మీద 30ని అనుమతించడం మరిచిపోతే అతిథులు వైఫైలో కలుస్తారు గాని ఐపీ చిరునామా రాదు. కలిసినట్టు చూపిస్తూ చిరునామా దొరకడం లేదంటే పదింట తొమ్మిదిసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. పాస్‌వర్డ్‌ను అనుమానించి గంటలు పోగొట్టుకోకండి. ట్రంక్ మీద అవసరమైన వీల్యాన్లనే అనుమతించండి, అన్నిటినీ వదలొద్దు. ఎవరైనా యాక్సెస్ పాయింట్‌ను ఊడదీసి ఆ తీగను తన ల్యాప్‌టాప్‌కు పెట్టుకుంటే ఆ ట్రంకే వాడి చేతికి వస్తుంది.

వీల్యాన్లు పెట్టినంత మాత్రాన పని అయిపోదు. వాటి మధ్య రాకపోకలను రూటర్ లేదా ఫైర్‌వాల్ నడుపుతుంది, నియమం రాయకపోతే చాలా రూటర్లు అన్నిటినీ అన్నిటికీ కలిపేస్తాయి. అతిథులకు నియమం ఇది: డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామాలు ఇచ్చేది), డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పేది) అనుమతించు, లోపలి నెట్‌వర్క్‌ల చిరునామాలైన 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 వైపు వెళ్లేదంతా ఆపు. మిగిలినది ఇంటర్నెట్‌కు వదులు. వరుస మారితే అర్థం మారిపోతుంది, ఎందుకంటే నియమాలు పైనుంచి కిందికి చదవబడతాయి. సిబ్బంది వీల్యాన్ నుంచి ప్రింటర్‌కు వెళ్లే దారి తెరవండి, ప్రింటర్ నుంచి సిబ్బంది కంప్యూటర్లకు తనంతట తాను వచ్చే దారి తెరవకండి. కెమెరాలకు ఇంటర్నెట్ అవసరమా అని ఆలోచించండి. రికార్డు చేసే పెట్టె ఆఫీసులోనే ఉంటే సాధారణంగా అక్కర్లేదు. కొత్త తరహా ఐపీ చిరునామాలైన ఐపీవీ6ను మరచిపోవద్దు. ఐపీవీ4 చిరునామాలకు చక్కగా నియమాలు రాసి, ఐపీవీ6ను తెరిచి వదిలేసిన నెట్‌వర్క్‌లు నేను చూశాను. దాన్ని వాడుతుంటే దానికీ అవే నియమాలు రాయండి, వాడకపోతే అతిథుల వీల్యాన్‌లో ఆపేయండి.

అతిథుల పేరు మీద క్లయింట్ ఐసొలేషన్ అనే సెట్టింగును కూడా ఆన్ చేయండి. అది ఒక అతిథి ఫోను ఇంకో అతిథి ఫోనుతో మాట్లాడకుండా ఆపుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. చాలా పరికరాల్లో ఇది ఒకే యాక్సెస్ పాయింట్ కింద ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. కింది అంతస్తు అతిథి, పై అంతస్తు అతిథి స్విచ్ మీదుగా ఒకరినొకరు చేరుకోగలరు. స్విచ్‌లో పోర్టుల మధ్య ఐసొలేషన్ ఉంటే యాక్సెస్ పాయింట్ల పోర్టులకు దాన్ని కూడా పెట్టండి, అయితే అదే పోర్టుల మీద నడిచే సిబ్బంది వీల్యాన్‌కు ఆటంకం కలగకుండా వీల్యాన్ వారీగా పెట్టే వీలుందో లేదో చూసుకోండి.

ఇప్పుడు తాళాల సంగతి. మీరు పంపిన సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2 మిశ్రమం, టీకేఐపీ, ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతులు రెండూ అని ఉంది. దీన్ని ఈరోజే మార్చండి. 1997లో వైఫైతో పాటే వచ్చిన వెప్ అనే మొదటి తాళం 2001 నాటికే విరిగింది, 2007కల్లా నిమిషం లోపు తెరుచుకునే స్థితికి వచ్చింది. టీకేఐపీ ఆ పాత పరికరాలకు వేసిన అతుకు, శాశ్వతంగా ఉండాలని తయారుచేసింది కాదు. మిశ్రమంలో ఉంచితే, ఏఈఎస్ వాడే ల్యాప్‌టాప్‌కు కూడా అందరికీ కలిపి వెళ్లే ప్రసార ఫ్రేములు టీకేఐపీతోనే వస్తాయి. టీకేఐపీతో కలిసిన పరికరం సెకనుకు 54 మెగాబిట్ల వేగం దాటదు. నెమ్మదిగా ఉందన్న మీ ఫిర్యాదులో ఇది కూడా ఒక పాలు అయి ఉండవచ్చు.

సిబ్బందికి కనీసం డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ మాత్రమే. పరికరాలు ఒప్పుకుంటే డబ్ల్యూపీఏ3. 2020 జులై నుంచి వైఫై సర్టిఫికెట్ పొందే కొత్త పరికరాలన్నిటికీ డబ్ల్యూపీఏ3 తప్పనిసరి కాబట్టి మీ ల్యాప్‌టాప్‌లలో చాలావరకు ఒప్పుకోవచ్చు. తేడా ఎక్కడంటే, డబ్ల్యూపీఏ2లో ఒక పరికరం కలిసేటప్పుడు జరిగే నాలుగు అడుగుల పలకరింపును ఎవరైనా రికార్డు చేసుకుని ఇంటికి తీసుకెళ్లి, తీరికగా పాస్‌వర్డ్‌లు ఊహించి సరిచూసుకోవచ్చు. మీ యాక్సెస్ పాయింట్‌కు ఆ సంగతే తెలియదు. డబ్ల్యూపీఏ3లోని ఎస్‌ఏఈ పద్ధతిలో ఒక్కో ఊహకూ యాక్సెస్ పాయింట్‌తో ఒకసారి మాట్లాడాల్సిందే. ఇంకొకటి: డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ తెలిసి, ఆ పలకరింపును పట్టుకున్నవాడు పక్కవాడి ట్రాఫిక్‌ను విప్పగలడు. గోడ మీద పాస్‌వర్డ్ అతికించిన ఆఫీసులో దీని అర్థం ఏమిటో ఆలోచించండి.

రెండూ కలిసిన ట్రాన్సిషన్ మోడ్ పాత పరికరాల కోసం ఉంది. అందులో పాస్‌వర్డ్ ఒకటే కాబట్టి డబ్ల్యూపీఏ2 వైపు నుంచి పట్టుకుంటే డబ్ల్యూపీఏ3 వైపూ తెరుచుకుంటుంది. కొన్నాళ్లు వాడి బయటపడవలసిన దశ అది. దానికంటే, పాత వస్తువులన్నిటినీ వీల్యాన్ 40 పేరు కింద డబ్ల్యూపీఏ2తో ఉంచి, సిబ్బంది పేరును పూర్తిగా డబ్ల్యూపీఏ3 చేయడం నాకు నచ్చిన దారి. 6 గిగాహెర్ట్జ్ అనే కొత్త తరంగ పట్టీ ఉన్న యాక్సెస్ పాయింట్ కొంటే ఆ పట్టీలో ఈ ప్రశ్నే ఉండదు, అక్కడ డబ్ల్యూపీఏ2కు ప్రవేశం లేదు. ఏ పద్ధతైనా పీఎంఎఫ్ అనే నిర్వహణ ఫ్రేముల రక్షణను ఆన్ చేయండి. అది లేకపోతే ఎవరైనా యాక్సెస్ పాయింట్ గొంతుతో ‘విడిపో’ అన్న ఫ్రేము పంపి మీ ల్యాప్‌టాప్‌లను తెంచగలరు. తెంచితే మళ్లీ కలుస్తాయి, ఆ కలిసే క్షణమే వాడికి కావలసింది. డబ్ల్యూపీఏ3లో పీఎంఎఫ్ తప్పనిసరి, డబ్ల్యూపీఏ2లో మీరు పెట్టాలి.

పాస్‌వర్డ్ ఎంత గట్టిగా ఉండాలో లెక్క వేసి చూపిస్తాను. డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్‌ను వైఫై పేరుతో కలిపి 4,096 సార్లు మథించి కీ తయారుచేస్తారు. అయినా నేటి మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి సెకనుకు పది లక్షల ఊహలు సరిచూడగలదు. పది అంకెల సంఖ్య పెడితే ఉన్న అవకాశాలు 1,000 కోట్లు, అంటే 10,000 సెకన్లు, మూడు గంటలలోపే. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలైతే దాదాపు 20,883 కోట్లు, రెండున్నర రోజులు. అదే 7,776 మాటల జాబితాలోంచి గుడ్డిగా ఏరిన ఐదు మాటలైతే ఆ ఒక్క కార్డుకు తొమ్మిది లక్షల ఏళ్లు పడుతుంది. గుడ్డిగా ఏరడమే ఇక్కడ కీలకం. నిఘంటువును ఎక్కడ పడితే అక్కడ తెరిచి వేలు పెట్టిన మాట తీసుకోండి, ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. తెలిసిన సామెత, పాట పల్లవి, ఆఫీసు పేరు పక్కన సంవత్సరం, ఇవన్నీ ఊహించేవాడి జాబితాలో మొదటి పేజీలోనే ఉంటాయి. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల వరకు ఉండవచ్చు కాబట్టి ఐదు మాటలు హాయిగా పడతాయి. కీ తయారీలో వైఫై పేరు కూడా కలుస్తుంది కనుక పెట్టెతో వచ్చిన సాధారణ పేరును అలాగే ఉంచకండి. అలాంటి పేర్లకు ముందే లెక్కలు వేసి పెట్టుకున్న పట్టికలు ఉన్నాయి.

ముప్పై మందికి ఒకే పాస్‌వర్డ్ అంటే ఇంకో చిక్కు ఉంది. ఒకరు ఉద్యోగం మానేసిన రోజు ఇరవై తొమ్మిది మంది మార్చుకోవాలి. అంత పని ఎవరూ చేయరు, పాత పాస్‌వర్డ్ ఏళ్లపాటు బయట తిరుగుతూనే ఉంటుంది. దీనికి సరైన జవాబు ఎంటర్‌ప్రైజ్ పద్ధతి, అంటే 802.1ఎక్స్. ఒక్కొక్కరికీ సొంత గుర్తింపు ఉంటుంది, రేడియస్ సర్వర్ సరిచూస్తుంది, మానేసినవారి ఖాతా ఒక్కటి ఆపితే చాలు. యాక్సెస్ పాయింట్‌లో సర్వర్ చిరునామా, పోర్టు 1812, ఎవరు ఎప్పుడు కలిశారన్న లెక్కలకు 1813, ఒక రహస్య పదం ఇవ్వాలి. ఆ రహస్య పదం ఒక్కో యాక్సెస్ పాయింట్‌కు వేరుగా, పొడవుగా ఉండాలి.

ఇందులో పీఈఏపీ అనే పద్ధతితో యూజర్ పేరు, పాస్‌వర్డ్ వాడేవాళ్లు ఎక్కువ. దానికి ఒక షరతు ఉంది: ల్యాప్‌టాప్ సర్వర్ సర్టిఫికెట్‌ను తప్పక సరిచూడాలి. ‘సరిచూడవద్దు’ అని టిక్కు పెట్టి పంచేస్తే, మీ పేరుతో నకిలీ యాక్సెస్ పాయింట్ పెట్టినవాడికి మీ సిబ్బంది లాగిన్ సమాచారం వచ్చి పడుతుంది. లోపల పాస్‌వర్డ్‌ను సరిచూడటానికి వాడే ఎంఎస్‌చాప్‌వీ2ను విప్పడం, డీఈఎస్ అనే పాత, బలహీనమైన ఎన్‌క్రిప్షన్ కీని ఒకే ఒక్కదాన్ని వెతకడంతో సమానమని 2012లోనే నిరూపించారు. ఆ లాగిన్ మెయిల్‌కు కూడా అదే అయితే పోయేది వైఫై ఒక్కటే కాదు. పరికరాలకే సర్టిఫికెట్లు ఇచ్చే ఈఏపీ-టీఎల్‌ఎస్ అన్నిటికంటే గట్టిది. సర్వర్‌ను చూసుకునే మనిషి మీ దగ్గర లేకపోతే, మీ యాక్సెస్ పాయింట్లలో ఒకే పేరు కింద ఒక్కొక్కరికి ఒక్కో పాస్‌వర్డ్ ఇచ్చే వీలుందేమో చూడండి. చాలా పరికరాల్లో అది డబ్ల్యూపీఏ2తోనే పనిచేస్తుంది, అయినా అందరికీ ఒకటే ఉన్న పాస్‌వర్డ్ కంటే ఎంతో మేలు. సగం సగంగా పెట్టిన ఎంటర్‌ప్రైజ్ కంటే ఈ దారే మంచిదని నా అభిప్రాయం.

ఇక వేగం. చివరి గదుల్లో సిగ్నల్ లేదని యాక్సెస్ పాయింట్ల శక్తిని గరిష్ఠానికి పెంచామని రాశారు. ఇబ్బంది అక్కడే మొదలైంది. యాక్సెస్ పాయింట్ గట్టిగా అరిస్తే ఫోనుకు వినిపిస్తుంది, ఫోను మాట యాక్సెస్ పాయింట్‌కు వినిపించాలి కదా. ఫోను శక్తి తక్కువ, బ్యాటరీ మీద నడుస్తుంది. తెర మీద గీతలన్నీ నిండుగా ఉంటాయి, పేజీ తెరుచుకోదు. పైగా మెట్లు దిగి వచ్చిన ల్యాప్‌టాప్ పై అంతస్తు యాక్సెస్ పాయింట్‌నే పట్టుకుని వేలాడుతుంది, ఎందుకంటే అది ఇంకా వినిపిస్తూనే ఉంది. వైఫై తరంగ పట్టీల్లో 2.4 గిగాహెర్ట్జ్‌లో 8 నుంచి 11 డీబీఎం (సిగ్నల్ శక్తి కొలత), 5 గిగాహెర్ట్జ్‌లో 14 నుంచి 17 డీబీఎం దగ్గర మొదలుపెట్టండి. మూడు డీబీలు తగ్గితే శక్తి సగమవుతుందని గుర్తుంచుకోండి. తర్వాత చివరి గదిలో నిలబడి కొలవండి. -67 డీబీఎం లేదా అంతకంటే మెరుగ్గా, అంటే సున్నాకు ఇంకా దగ్గరగా, ఉంటే మాటలకూ వీడియోకూ సరిపోతుంది. రాకపోతే శక్తి పెంచడం కాదు, యాక్సెస్ పాయింట్‌ను ఆ గదుల వైపు జరపడమో ఇంకొకటి పెట్టడమో చేయాలి.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ అంకెలు 5 మెగాహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, ఒక్కో ప్రసారం 20 మెగాహెర్ట్జ్ వెడల్పు తీసుకుంటుంది. అందుకే 1, 6, 11 మాత్రమే ఒకదానినొకటి తొక్కుకోవు. మీకు మూడు యాక్సెస్ పాయింట్లు, మూడు ఛానెళ్లు, సరిగ్గా సరిపోయింది. అక్కడ వెడల్పు 40కి ఎప్పుడూ మార్చకండి. 5 గిగాహెర్ట్జ్‌లో 40 పెట్టండి. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లను చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. రాడార్ వినిపిస్తే యాక్సెస్ పాయింట్ ఆ ఛానెల్ వదిలి వెళ్లిపోవాలి, కొత్తగా వాడే ముందు కనీసం ఒక నిమిషం వినాలి. అప్పుడప్పుడూ వైఫై ఉన్నట్టుండి మాయమై మళ్లీ వస్తోందంటే లాగ్‌లో ఈ సంగతి ఉందేమో చూడండి. దేశం సెట్టింగును మీ దేశానికే పెట్టండి, ఎక్కువ శక్తి వస్తుందని వేరేది ఎంచుకోకండి.

వైఫై పేర్లు మూడు దాటకుండా చూసుకోండి. ఒక్కో పేరూ తన బీకన్‌ను తానే చాటుతుంది, అదీ అన్నిటికంటే నెమ్మదైన వేగంలో. 300 బైట్ల బీకన్ సెకనుకు 1 మెగాబిట్ వేగంలో వెళ్లడానికి సుమారు 2.5 మిల్లీసెకన్లు. సెకనుకు పది అంటే 25 మిల్లీసెకన్లు, గాలిలో రెండున్నర శాతం. ఎనిమిది పేర్లు పెడితే ఒక్క ఫైలు కదలకముందే ఐదో వంతు కాలం పోయినట్టే. కనీస వేగాన్ని 12 మెగాబిట్లకు మార్చి, 1, 2, 5.5, 11లను ఆపితే ఈ ఖర్చు పదో వంతుకు దిగుతుంది. మరీ పాత వస్తువు ఏదైనా అప్పుడు కలవకపోతే 6కు దించి చూడండి.

మార్చే రోజు ఈ వరుస పాటించండి. ముందుగా ఉన్న సెట్టింగుల నకలు తీసుకోండి. తీగతో కలిసి పనిచేయండి. వైఫై మీద కూర్చుని వైఫైనే మారిస్తే మధ్యలో బయట పడిపోతారు. ఒక్క యాక్సెస్ పాయింట్ మీద మొదలుపెట్టండి. మార్పులు భద్రపరచమని విడిగా చెప్పకపోతే కరెంటు పోయిన వెంటనే పాత స్థితికి వెళ్లే పరికరాలు ఉన్నాయి, కాబట్టి అంతా అయ్యాక దాన్ని ఒకసారి తీగ ఊడదీసి పెట్టి మళ్లీ అలాగే లేచిందో లేదో చూడండి. తర్వాత గెస్ట్‌లో మీ ఫోను కలిపి ప్రింటర్, యాక్సెస్ పాయింట్, రూటర్ సెట్టింగుల పేజీలు ఒక్కొక్కటీ తెరవడానికి ప్రయత్నించండి. ఏ ఒక్కటి తెరుచుకున్నా నియమాల దగ్గరికి తిరిగి వెళ్లండి. అతిథుల డీహెచ్‌సీపీ గడువును రెండు గంటలకు తగ్గించండి. ఫోన్లు చిరునామాలు మారుస్తూ వస్తాయి కనుక రోజంతా గడువు ఉంటే 254 చిరునామాలూ అయిపోయే ప్రమాదం ఉంది.

పాత పేరును వెంటనే తీసేయకండి. కొత్త పేర్లను పక్కనే పెట్టి, అందరినీ ఒక్కొక్కరుగా మార్పించండి. ఈ కొద్దిరోజులు పేర్లు నాలుగైనా ఫరవాలేదు. వారం తర్వాత పాత పేరు మీద ఇంకా ఎవరు మిగిలారో యాక్సెస్ పాయింట్ జాబితాలో చూడండి. సాధారణంగా ఒక ప్రింటర్, ఒకటో రెండో కెమెరాలు మిగులుతాయి. వాటిని వీల్యాన్ 40కి మార్చండి. ఎవరిదో ఎవరికీ తెలియని పరికరం ఒకటి మిగిలితే, పేరు ఆపేముందే దాని మ్యాక్ చిరునామా రాసుకుని, మూడింటిలో ఏ యాక్సెస్ పాయింట్‌కు కలిసి ఉందో, సిగ్నల్ ఎంత ఉందో చూసి ఆ గదుల్లో వెతకండి. అది దొరికేదాకా పాత పేరును ఉంచి, దాని నుంచి ఆఫీసు కంప్యూటర్లకు వెళ్లే దారిని మాత్రం రూటర్‌లో మూసేయండి.